ఊఁ గారి ఎదుటి కుర్చీ

పెద్దక్క గొంతు ఒక మంగళవారం పొద్దున తొమ్మిదీ పదికి పోయింది.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళుగా ఆ గొంతు ఒక్కరోజు కూడా తడబడి ఎరగదు. అంబులెన్సు కంట్రోలు రూములో ఆమెది కిటికీ పక్క బల్ల. ఆ గదిలో ఎనిమిది బల్లలు, బల్లకో తెర, తెర పక్కన అట్టమీద అచ్చువేసిన ప్రశ్నల పట్టీ. ఫోను ఎత్తగానే ఏం అడగాలో, ఏ జవాబుకి ఏం చెప్పాలో అన్నీ ఆ పట్టీలో ఉంటాయి. కొత్తవాళ్ళు దాన్ని చూసి చదువుతారు. పెద్దక్క పట్టీ మాత్రం దుమ్ముపట్టి ఉండేది. ఆమెకు అదంతా నోటికి వచ్చు. అవతల ఎంత గోలగా ఉన్నా, ఎవరు ఎంత ఏడుస్తున్నా, ఆమె ఒక్క మాట అనగానే అవతలివాళ్ళు తమను తాము కూడదీసుకునేవారు. ఇంట్లో పెద్దకూతురు కాబట్టి చెల్లెలు "అక్కా" అనేది. ఆ చెల్లెలు ఒకసారి ఆఫీసుకి వచ్చి అలా పిలవడం విని గదంతా "పెద్దక్కా" అనడం మొదలుపెట్టింది. ఆమెకంటే ఆరేళ్ళు పెద్దవాడైన సూపర్‌వైజరు కూడా "పెద్దక్కా, ఈ కాల్ కాస్త చూడు" అనేవాడు. నలభై నాలుగేళ్ళ మనిషికి, అన్ని షిఫ్టులవాళ్ళూ బండ్లవాళ్ళూ కలిపి అరవై మంది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అన్నమాట.

ఆ మంగళవారం ఫోను మోగింది. ఎత్తింది. "అంబులెన్సు, చెప్పండి" అనబోయింది. నోరు తెరుచుకుంది, పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. దగ్గి మళ్ళీ ప్రయత్నించింది. అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు. పక్కబల్ల కుర్రది గబుక్కున ఆ కాల్ తన వైపు లాక్కుంది. పెద్దక్క తలకున్న హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, తప్పు చేసి దొరికినదానిలా కూర్చుంది.

గొంతు డాక్టరు సన్నటి గొట్టానికి కెమెరా కట్టి లోపలంతా చూశాడు. "గొంతు బంగారంలా ఉందమ్మా. వాపు లేదు, పుండు లేదు. ఈమధ్య మనసుకి ఏదైనా గట్టిగా తగిలిందా?" అని అడిగాడు.

లేదని తల అడ్డంగా ఊపింది పెద్దక్క. ఆమె అబద్ధం చెప్పలేదు. తగిలినట్టు ఆమెకే తెలియదు.

తగిలింది నాలుగు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం. ఒక ముసలాయన ఫోను చేశాడు. భార్య వంటగదిలో పడిపోయింది, ఊపిరి ఆడటం లేదు. పెద్దక్క బండి పంపించి, ఆయన చేత ఫోను నేలమీద పెట్టించి, ఆవిడ గుండె మీద రెండు చేతులూ ఎలా ఆనించాలో, ఎంత లోతుగా నొక్కాలో చెప్పింది. తర్వాత లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన నొక్కుతున్నాడు. ఆయాసం ఫోనులోంచి రంపం కోసినట్టు వినిపిస్తోంది. ఎనిమిదో నిమిషంలో ఆయన, "అలసిపోయానమ్మా. ఆపమంటారా?" అన్నాడు.

"ఆపకండి. ఇంకాస్త. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

ఆయన ఆపలేదు. పదకొండో నిమిషానికి బండి చేరింది, ఫోను కట్టయింది. బండి వెళ్ళేసరికే ఆవిడ పోయిందని సాయంత్రం తెరమీద ఒక వరుస కనిపించింది. అలాంటి వరుసలు ఆమె కొన్ని వందలు చూసి ఉంటుంది. టీ తాగి తర్వాతి కాల్ ఎత్తింది. శని, ఆది, సోమ వారాలు మామూలుగానే గడిచాయి. మంగళవారం గొంతు పోయింది.

ఆఫీసువాళ్ళు సెలవిచ్చి, ఒక కౌన్సెలరు దగ్గరికి వారానికోసారి వెళ్ళమన్నారు.

కౌన్సెలరు గది ఒక లాండ్రీ షాపు మీద ఉంది. మెట్లెక్కుతుంటే వేడి ఆవిరీ సబ్బు వాసనా కలిసి కొడతాయి. కింద మిషన్లు తిరుగుతుంటే పైన నేల సన్నగా అదురుతూ ఉంటుంది. గదిలో బల్ల లేదు. ఒకే ఎత్తున్న రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. మూలన మూడో కుర్చీ మీద పాత పేపర్ల దొంతర. ఆయనకి అరవై దాటాయి. చొక్కా ఇస్త్రీ నలగలేదు గానీ, బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"మిమ్మల్ని ఎలా పిలవమంటారు?"

గొంతు పోయినా గుసగుస మిగిలింది. ఆ గుసగుసతోనే చెప్పింది. "అందరూ పెద్దక్క అంటారు."

"సరే. ఇక్కడికి వస్తూనే నన్ను కూడా తమ్ముణ్ణి చేసేశారు."

ఆమె నవ్వలేదు. ముందుకు వంగి, ఇంటి నుంచి తయారుచేసుకొచ్చిన మాటలు చెప్పేసింది. "సార్, నాకు పన్నెండు వారాలు సెలవిచ్చారు. ఈలోపు గొంతు రావాలి. ఏం చేయాలో చెప్పండి, చేస్తాను. కష్టమైనా పర్వాలేదు."

"ఏం చేయాలో ఎవరైనా చెప్తే చాలు, ఎంత కష్టమైనా చేసేస్తారు మీరు."

"అవును."

"ఊఁ."

ఇంకేదో చెప్తాడని చూసింది. చెప్పలేదు. ఆయన ముఖంలో విసుగూ లేదు, తొందరా లేదు. కింద మిషను ఆగి, ఎవరో తలుపు తీసి బట్టలు తీసుకుని, మళ్ళీ మిషను మొదలైంది. అంతసేపూ ఆయన ఆమె వైపే, ఆమె చెప్పబోయేది తనకి నిజంగా కావాలన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఎలా ఉన్నాడే డాక్టరు?"

"డాక్టరు కాదు. ఊఁ గారు" అంది గుసగుసగా. "నేనేదైనా అంటే తిప్పి అదే అంటాడు. లేకపోతే ఊఁ అంటాడు."

"ఆ మాత్రానికి అంత దూరం ఎందుకు? నేను అననా?" అంది అమ్మ.

రెండోవారం పెద్దక్క మొహమాటం పక్కన పెట్టింది. "సార్, నేను అన్నమాటే మీరు నాకు అప్పజెప్తున్నారు. దీనికి చదువుకోవాలా?"

ఆయన నవ్వాడు. "రెండేళ్ళు చదివాను. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. పిల్లలు నోరు తెరవకముందే జవాబు చెప్పేసేవాణ్ణి. నోరు మూసుకోవడం నేర్చుకోవడానికే ఆ రెండేళ్ళూ సరిపోయాయి." ఆమె వైపు వంగి, "మీకు కోపంగా ఉంది. సాయం చేస్తాడని వస్తే ఈయన చేతులు కట్టుకుని కూర్చున్నాడని" అన్నాడు.

"అవును, కోపంగానే ఉంది."

"ఉండొచ్చు. ఇక్కడ కోపం తెచ్చుకుంటే ఏమీ పాడైపోదు."

ఆ మాట ఆమెకి వింతగా తోచింది. ఆమె ఎరిగిన గదులన్నిటిలోనూ ఆమె కోపం తెచ్చుకుంటే ఏదో ఒకటి పాడయ్యేది. కంట్రోలు రూములో ఒక ప్రాణం, ఇంట్లో అమ్మ నిద్ర, చెల్లెలి దగ్గర పండుగలాంటి ఆదివారం.

"మరి నాకు ఏం జరిగిందో మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలీదు. తెలిసినట్టు నటించను కూడా. మీ గొంతు ఎందుకు పోయిందో మీకే ఎక్కడో తెలిసి ఉంటుంది, మాటల్లోకి రాలేదంతే. మొక్కకి ఆకు వేయడం ఎవరూ నేర్పరు కదా. వెలుతురు ఉండాలి, ఎవరూ తొక్కకుండా ఉండాలి. ఈ గంటసేపు ఎవరూ తొక్కకుండా చూడటం నా పని."

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ పెద్దక్క తన స్టాపు దాటిపోయింది. పంతొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

మూడోవారం మాటలు వాటంతట అవే వచ్చాయి. పదకొండేళ్ళప్పుడు నాన్న పోయాడు. ఇంటినిండా జనం. అమ్మ గోడకి జారబడి కూర్చుంది. చెల్లెలికి నాలుగేళ్ళు, ఎవరి చంకనో ఉంది. పెద్దక్క వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించింది, చెప్పులు వరసగా సర్దింది, చెల్లెలికి అన్నం తినిపించింది. ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టలేదు. సాయంత్రం అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అందరి ముందూ, "మా పెద్దది ఉంది కదా, నాకేం భయం" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. బంగారుతల్లి అన్నారు.

"ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత బాగుందో తెలుసా సార్?" అంది పెద్దక్క. "నాన్న పోయినరోజు. బాగుండటం ఏమిటి నాకు?"

"ఊఁ."

"అప్పట్నుంచీ ఆ మాట కోసమే అన్నీ చేశాను. ఒకసారి జ్వరమొచ్చి వారం పడుకున్నాను. అమ్మ ముఖం చూడలేకపోయాను. ఆవిడేమీ అనలేదు. అయినా ఆ ఇంట్లో ఊరికే తింటున్నట్టనిపించింది."

"గట్టిగా నిలబడి ఉన్నంతవరకే ఆ ఇంట్లో మీకు చోటు ఉంది. పడుకుంటే ఆ చోటు పోతుంది. అలా అనిపించేది మీకు."

అప్పుడు ఏడ్చింది పెద్దక్క. గొంతు లేని ఏడుపు. భుజాలు కదులుతున్నాయి, నోరు తెరుచుకుని ఉంది, చప్పుడు లేదు. చూసేవాళ్ళకి భయం పుట్టించే ఏడుపు. ఆయన కూడా కుర్చీలో కదిలాడు. కాసేపటికి, "కొన్నాళ్ళు ఇంటి సంగతులు మీ చెల్లెలికి అప్పజెప్పకూడదూ? మీకు విశ్రాంతి కావాలి" అన్నాడు.

పెద్దక్క కళ్ళు తుడుచుకుంది. "మంచి మాట సార్. అలాగే చేస్తాను" అంది. వాచీ చూసుకుంది. మిగిలిన పావుగంటా చెల్లెలి పిల్లల చదువుల గురించి చెప్పింది.

నాలుగోవారం వెళ్ళకూడదనే అనుకుంది. ఆఫీసువాళ్ళు సంతకం అడుగుతారని వెళ్ళింది. కూర్చోగానే ఆయనే మొదలుపెట్టాడు.

"పోయినవారం నేనొక తప్పు చేశాను. మీరు ఏడుస్తుంటే నాకు భయమేసింది. చప్పుడు లేని ఏడుపు నేనెప్పుడూ చూడలేదు. ఆ భయం తగ్గించుకోవడానికి మీకు సలహా ఇచ్చాను. అది మీకోసం ఇచ్చింది కాదు, నాకోసం ఇచ్చుకున్నది. మీరు వెంటనే మంచిపిల్ల అయిపోయి నన్ను ఊరడించారు. గమనించాను గానీ అప్పుడు చెప్పే ధైర్యం చాల్లేదు."

పెద్దక్క ఆయన్ని తేరిపార చూసింది. ఆమె జీవితంలో ఆమెకంటే పెద్దవాళ్ళు ఎవరూ ఆమెతో నాకు భయమేసిందని చెప్పలేదు. భయాలు ఉన్నవాళ్ళే అందరూ, కానీ ఆ భయాలన్నీ ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయినవాళ్ళే. ఈయన తన భయం తనే పెట్టుకున్నాడు.

"నేనూ గమనించాను" అంది. "ఈయన కూడా అంతేనా అనుకున్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీ బొత్తాలు సరిగ్గా పెట్టుకోమని చెప్పాలనిపిస్తోంది. నాలుగు వారాలుగా చూస్తున్నాను."

ఆయన వంగి చూసుకుని పెద్దగా నవ్వాడు. పెద్దక్క కూడా నవ్వింది. నవ్వులో ఎక్కడో కీచుమని చిన్న చప్పుడు వచ్చింది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ దాని గురించి ఏమీ అనలేదు.

శుక్రవారం నాటి ముసలాయన సంగతి ఆరోవారంలో బయటికొచ్చింది. దారిలో ఏదో చూసి గుర్తొచ్చినట్టు మొదలుపెట్టింది గానీ, ఎనిమిదో నిమిషం దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి.

"మీ చేతులు ఏదో చేస్తున్నాయి" అన్నాడాయన.

చూసుకుంది. ఆపింది.

"ఆపనక్కర్లేదు. ఇష్టమైతే ఒకటి చేద్దాం, వద్దనిపిస్తే మానేద్దాం." ఆయన లేచి మూలనున్న మూడో కుర్చీ మీది పేపర్లు తీసి నేలమీద పెట్టి, ఆ కుర్చీని ఆమె ఎదురుగా లాగాడు. "ఆ పెద్దాయన ఇక్కడ కూర్చున్నాడనుకోండి. ఆయనకి చెప్పాల్సింది ఏదైనా ఉందా?"

ఖాళీ కుర్చీతో మాట్లాడటం ఏమిటని సిగ్గేసింది పెద్దక్కకి. మొహమాటంగా దగ్గింది. అప్పుడు గుసగుసగా, "నేను చెప్పాల్సిందే చెప్పానండీ. పట్టీలో అలాగే ఉంది. ఆపితే ఆవిడకి ఉన్న కాస్త ఆశ కూడా పోయేది" అంది.

"ఇప్పుడు ఆ కుర్చీలో మీరు కూర్చోండి. ఆయన ఏమంటాడో అనండి."

వెళ్ళి కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలవైపు చూసింది. అప్పుడు ఆమెలోంచి ఒక మొరటు గొంతు వచ్చింది. గుసగుస కాదు, గొంతే. తుప్పుపట్టిన గడియ లాగినట్టుంది.

"నా చేతులు పడిపోతున్నాయని చెప్పాను కదా నీకు. అలసిపోయాననే కదా అన్నాను. ఒక్కసారి అయ్యో అనలేకపోయావా? ఆపకు, ఆపకు, ఆపకు. అదొక్కటే వచ్చా నీకు? నేనేమైనా మిషన్నా? నాకూ నొప్పెడుతుంది. నేనూ కింద పడిపోవాలనుకుంటాను. ఎన్నేళ్ళని నొక్కను? ఎన్నేళ్ళని నిలబడను?"

ఆ ఆఖరి మాటలు గదిలో ఉండిపోయాయి. కింద మిషను తిరుగుతోంది.

"ఎన్నేళ్ళని" అన్నాడు ఊఁ గారు మెల్లగా.

"ఆయన నొక్కింది పదకొండు నిమిషాలే" అంది పెద్దక్క. గొంతు ఇంకా ఉంది, వణుకుతోంది. "ఏళ్ళ లెక్క ఆయనది కాదు సార్. అది నాది."

ఆ రోజు ఆమె కుర్చీ మార్చలేదు. ముసలాయన కుర్చీలోనే కూర్చుని, ముప్పై మూడేళ్ళ కిందట పెట్టాల్సిన కన్నీళ్ళు చప్పుడుతో సహా పెట్టింది. ఈసారి ఆయన కదల్లేదు. సలహా ఇవ్వలేదు. ఆమె ముక్కు చీదుకుంటున్నప్పుడు చేతిగుడ్డ అందించాడు, అంతే.

గొంతు ఒక్కసారిగా బాగైపోయిందని కాదు. బయటికొచ్చేసరికి మళ్ళీ గుసగుసే. కొన్ని పూటలు వచ్చేది, కొన్ని పూటలు పోయేది. అమ్మతో మాట్లాడేటప్పుడు మరీ పోయేది. ఆ సంగతి ఆమే కనిపెట్టింది.

ఏడోవారం తర్వాతి ఆదివారం చెల్లెలు ఫోను చేసింది. ఇద్దరు పిల్లల్నీ వదిలేసి వెళ్తాననీ, భర్తా తనూ ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళాలనీ చెప్పింది. ఎప్పుడూ అడగను కూడా అడగదు, చెప్తుంది. పెద్దక్క ఫోను పట్టుకుని నిలబడింది. గుండె దడదడలాడుతోంది. వందలమంది చావు కబుర్లకి దడవని గుండె అది.

"ఈ ఆదివారం నావల్ల కాదే" అంది. మాట బయటికే వచ్చింది.

"ఒంట్లో బాలేదా అక్కా?"

"బాగానే ఉంది. నాకు ఖాళీగా ఉండాలని ఉంది."

"సరే అయితే, మా అత్తగారిని అడుగుతాను" అంది చెల్లెలు. అంతే. ఆకాశం ఊడి పడలేదు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏమిటే, పిల్లల్ని వద్దన్నావా?"

పెద్దక్కకి గొంతు పట్టేసింది. అయినా గుసగుసతోనే అనేసింది. "అమ్మా, నేను అలసిపోయాను. నాన్న పోయినప్పట్నుంచీ అలసిపోయే ఉన్నాను. మా పెద్దది ఉంది కదా అని నువ్వు అన్నప్పుడల్లా నాకు కూర్చోవాలంటే భయమేస్తుంది."

అమ్మ మంచం అంచున కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకుంది పెద్దక్క. ఊరడించడానికి ఒక అడుగు వేసి, ఆగింది. ఆ అడుగు వేయకుండా నిలబడటం ఆమె చేసిన పనుల్లోకెల్లా కష్టమైన పని.

అమ్మ ఏడవలేదు. ఆలోచించింది. తర్వాత, "నేనొకటి చెప్తే కోప్పడవు కదా?" అంది. "నువ్వు నన్ను పదేళ్ళుగా పొయ్యి దగ్గరికి రానివ్వవు. బజారుకి పోతానంటే పోనివ్వవు. మందులు డబ్బాల్లో వేసి, వారాల పేర్లు రాసి పెడతావు. నాకు మోకాళ్ళ నొప్పులే గానీ బుర్రనొప్పి లేదే. మా పెద్దది ఉంది కదా అనక ఇంకేమనను? నాకు చేయడానికి ఏం మిగిల్చావు?"

పెద్దక్క గూట్లో తను వరసగా పేర్చిన మందుల డబ్బాల వైపు చూసింది.

"నాకూ భయమేసేది" అంది అమ్మ. "నేను లేచి ఏదైనా చేస్తే నీకు కోపమొస్తుందేమోనని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో ఒకరికొకరు భయపడుతూ ఇన్నేళ్ళు గడిపిన ఇద్దరాడవాళ్ళు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలియదు. ఆ సాయంత్రం అమ్మ చారు కాచింది. ఉప్పు ఎక్కువైంది. పెద్దక్క రెండుసార్లు పోయించుకుంది. అమ్మని మెచ్చుకోవడానికి కాదు, నిజంగా ఆకలేసింది.

తొమ్మిదోవారం ఊఁ గారితో, "నాకు ఆ పెద్దాయన్ని నిజంగా చూడాలని ఉంది" అంది. ఏమంటాడోనని చూసింది.

"చూడాలని ఉంది" అన్నాడు.

"క్షమించమని అడగడానికి కాదు. ఎందుకో నాకే తెలీదు. కుర్చీలో కూర్చుని ఆయన నోట నా మాటలు పెట్టాను. ఆయన మాటలు ఏమిటో వినలేదు."

"మీకు సరే అనిపిస్తే అదే సరి" అన్నాడు. వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు.

ఆఫీసు నియమం ప్రకారం ఆపరేటర్లు ఫోను చేసినవాళ్ళని కలవకూడదు. పెద్దక్క సూపర్‌వైజరుని అడిగింది. ఆయన తల గోక్కుని, పైవాళ్ళని అడిగి, ముసలాయనకి ఉత్తరం రాశాడు. ఇష్టమైతే రావచ్చు, లేకపోతే లేదు అని. వారానికి ఆయన వచ్చాడు. కింది అంతస్తులో వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. పొట్టి మనిషి. చేతులు మాత్రం పెద్దవి. జీవితమంతా పుస్తకాలకి అట్టలు కట్టిన చేతులని తర్వాత తెలిసింది.

"లెక్కపెట్టింది మీరేనా?" అన్నాడు. "గొంతు వేరుగా ఉందే."

"ఈమధ్య పోయిందండీ. వస్తూ పోతూ ఉంది."

ఆయన తలూపాడు. ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. ఒకప్పుడైతే ఆ ఖాళీని పెద్దక్క ప్రశ్నలతో నింపేసేది. ఇప్పుడు ఆయన ముఖం చూస్తూ కూర్చుంది.

"నేను మిమ్మల్ని ఒక మాట అడిగాను" అన్నాడాయన.

"ఆపమంటారా అన్నారు."

"అలసిపోయి కాదమ్మా. అలసట ఉంది, కానీ అందుక్కాదు. నాకప్పటికే తెలిసిపోయింది ఆవిడ వెళ్ళిపోయిందని. నలభై ఏడేళ్ళు పక్కన పడుకున్నవాణ్ణి కదా, తెలుస్తుంది. ఆపేసి ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను. వెచ్చగా ఉండగా. మీరు ఆపొద్దన్నారు."

పట్టీలో అలాగే ఉందండీ అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చెయ్యి పట్టుకోవాలనుకున్నారు" అంది.

ఆయన కళ్ళు నిండాయి. "చెప్పబోతే మా అబ్బాయిలు, నాన్నా అదంతా తలుచుకోకు అంటారు. మంచికే అంటారు. కానీ నాకు అదంతా చెప్పుకోవాలని ఉంది." చెప్పాడు. ఆ రోజు వంటగదిలో ఏం ఉడుకుతోందో, ఆవిడ ఏ మాట మధ్యలో ఆగిపోయిందో, పక్కింటివాళ్ళ రేడియో ఎలా మోగుతూనే ఉందో, అంతా. గంటన్నర చెప్పాడు. పెద్దక్క ఒక్కచోట కూడా సర్ది చెప్పలేదు. తన తప్పు ఉందో లేదో బేరీజు వేసుకోలేదు. ఆయన తడుముకున్నచోట ఆగింది, వెళ్ళినచోటికి వెళ్ళింది.

లేచి గొడుగు చేతిలోకి తీసుకుంటూ ఆయన, "మీరు లెక్కపెట్టకపోతే నేను ఆ వంటగదిలో ఒక్కణ్ణే అయ్యేవాణ్ణి. అదీ నిజమే, ఇదీ నిజమే" అన్నాడు. ఆమె తలమీద చెయ్యి పెట్టబోయి, మొహమాటపడి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పన్నెండోవారం ఊఁ గారి దగ్గర ఎక్కువ మాట్లాడలేదు. గొంతు చాలావరకు వచ్చింది. పాత గొంతు కాదు, కాస్త బొంగురు. "ఇదే బాగుంది" అంది ఆమె. ఏం చేయాలో ఈసారి ఆయన్ని అడగలేదు, తనే చెప్పింది. పనిలోకి వెళ్తుంది. కానీ వారానికి ఐదు రోజులే, అదనపు పూటలు ఒప్పుకోదు. అదీగాక ఆఫీసులో ఒక కాగితం ఇచ్చింది. గట్టి కాల్ తీసుకున్నవాళ్ళు ఎవరైనా సరే, వెంటనే తర్వాతి ఫోను ఎత్తనక్కర్లేకుండా అరగంట లేచి వెళ్ళే వీలుండాలని. కూర్చోవడానికి ఒక గది, వినడానికి ఒక మనిషి. వినడం నేర్చుకోవడానికి సాయంత్రం తరగతుల్లో చేరింది.

"అక్కడ కూడా నోరు మూసుకోవడమే నేర్పుతారట" అంది.

"కష్టపడి నేర్చుకోండి" అన్నాడాయన.

ఆ గది రావడానికి ఐదు నెలలు పట్టింది. పాత స్టేషనరీ పెట్టే కొట్టు ఖాళీ చేయించి, కిటికీకి పట్టిన రంగు గీకించి ఇచ్చారు. మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు. అందులోకి వెళ్తే నీరసపడ్డారనుకుంటారని అందరికీ జంకు. మూడోవారం గురువారం, ఆమె గొంతు పోయిన రోజున కాల్ లాక్కున్న పక్కబల్ల కుర్రది తలుపు తోసుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నాకేం కాలేదు పెద్దక్కా. ఊరికే వచ్చాను" అంది.

"కూర్చో."

కూర్చుంది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. బయట వీధిలో ఎవరో నిచ్చెనెక్కి దుకాణం బోర్డు సరిచేస్తున్నాడు. కుర్రది చాలాసేపు అటే చూసింది. వేలి గోళ్ళు గిల్లుకుంది. తర్వాత, ఇంకా అటే చూస్తూ, పొద్దున్న వచ్చిన కాల్ గురించి చెప్పడం మొదలుపెట్టింది.